మా పాప సైకాలజీ చదువుతానంటాంది, అయ్యగారూ



ఒక ఆదివారం ధర్మవరంలో ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే, మందిరం మెట్ల దగ్గర ఒక తల్లి మమ్మల్ని ఆపింది. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. భర్త నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. “మా పాప సైకాలజీ చదువుతానంటాంది అయ్యగారూ. అది పిచ్చోళ్ల చదువంట గదా? చదివితే పని దొరుకుతాదా? అన్నిటికంటే ముందు, ఆ చదువుతో బిడ్డ విశ్వాసం పోతాదేమోనని భయంగా ఉంది” అని అడిగింది.

మేము ఏమి జవాబిచ్చామో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. “ప్రార్థన చేద్దామమ్మా” అన్నాము. ప్రార్థన చేశాము. ఆమె వందనం చెప్పి వెళ్లిపోయింది. పెనుకొండకు తిరిగి వచ్చే రైలులో కూర్చున్నాక గాని మాకు తెలియలేదు, ఆ తల్లి దారి అడిగింది, మేము ముగింపు ప్రార్థనతో పంపించేశామని. ప్రార్థన తప్పు కాదు. కానీ ఆమె అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు బాకీ పడ్డాము. హిందూపురంలోనూ పెనుకొండలోనూ ఇదే ప్రశ్న మనసులో పెట్టుకున్న తల్లిదండ్రులు మరికొందరు ఉంటారు కనుక, ఆ బాకీ ఈ సంపాదకీయంలో తీర్చుకుంటున్నాము.

ఇది పిచ్చివాళ్ల చదువా?

కాదు. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా గుర్తుంచుకుంటాడు, ఎందుకు భయపడతాడు, పసిబిడ్డ మనసు ఎలా ఎదుగుతుంది, నలుగురిలో ఉన్నప్పుడు మనం ఎందుకు వేరేగా ప్రవర్తిస్తాము అనే వాటిని పద్ధతిగా, పరీక్షించి తెలుసుకునే శాస్త్రం సైకాలజీ. మానసిక వ్యాధులు అందులో ఒక భాగం మాత్రమే. 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచి ఇది ప్రయోగాల మీద నడిచే చదువయింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదటి సైకాలజీ విభాగం మొదలైంది. మనకు పొరుగున ఉన్న మైసూరులో 1924లో ఎం.వి. గోపాలస్వామి ఆ విభాగాన్ని ప్రారంభించారు. మన తెలుగువారిలో కోనేరు రామకృష్ణారావు ఈ శాస్త్రంలో ప్రపంచమెరిగిన పండితుడై, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. అంటే ఇది నిన్నో మొన్నో సెల్‌ఫోన్‌లో పుట్టిన మోజు కాదు.

ఇక్కడ మన సంఘాల్లో అందరూ కలిపేసే కొన్ని మాటలను విడదీసి చెప్పాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయన. క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాదు, మందులు రాయడు. పరీక్షలు చేసి సమస్య ఏమిటో గుర్తిస్తాడు, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తాడు. కౌన్సెలర్ చదువు, కుటుంబం, పెళ్లి, ఉద్యోగం వంటి విషయాల్లో ఇబ్బంది పడేవారికి ఆసరా ఇస్తాడు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ రోగి ఇంటి పరిస్థితిని, ఊరి పరిస్థితిని చూసి అక్కడ చేయాల్సిన పని చేస్తాడు. మగ్గం పనిలో రంగు అద్దేవాడు, పడుగు సాగదీసేవాడు, నేసేవాడు వేరువేరుగా ఉన్నట్టే ఇవి వేరువేరు పనులు. ఒకరి పని ఇంకొకరు చేయబోతే చీర చెడుతుంది.

విశ్వాసానికి అడ్డమా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పరిచర్య తొలి సంవత్సరాలలో ఒక నేత సహోదరుడు ఉండేవాడు. అప్పు పెరిగింది, నిద్ర పోయింది, తిండి తగ్గింది. మగ్గం ముందు గంటలు గంటలు కూర్చునేవాడు, చెయ్యి మాత్రం వేసేవాడు కాదు. ఎవరో డాక్టరు మందులు రాసిస్తే, వేసుకోవచ్చా అని మమ్మల్ని అడిగాడు. “ముందు విశ్వాసం బలపరచుకో, ఉపవాసముండి ప్రార్థన చెయ్యి” అన్నాము. సెమినరీలో చదువుకున్న మేమే ఆ మాట అన్నాము. నాలుగు నెలలు గడిచాయి. మనిషి సగమయ్యాడు. చివరికి అతని బావమరిది మాకు చెప్పకుండా బెంగళూరు తీసుకెళ్లి వైద్యం చేయించాడు. దేవుని కృప వలన బాగుపడ్డాడు, మళ్లీ మగ్గమెక్కాడు. అతడు మమ్మల్ని ఎన్నడూ నిందించలేదు. ఒక్కసారి మాత్రం, “ఆ నాలుగు నెలలు దేవుడు కూడా నన్ను వదిలేసినాడనుకున్నా అయ్యగారూ” అన్నాడు. ఆ తలంపు అతని మనసులో వేసింది జబ్బొక్కటే కాదు, మా మాట కూడా.

ఏలీయాను జ్ఞాపకం చేసుకుందాము (1 రాజులు 19). కర్మెలు పర్వతం మీద అంత గొప్ప జయం చూసినవాడు, మరునాటికే ప్రాణభయంతో పరుగెత్తి, బదరీ వృక్షం కింద కూలబడి, చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని విశ్వాసం లేదని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె పెట్టించాడు, నీళ్లు తాగించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. ఇక్కడ ఏమి చేస్తున్నావన్న ప్రశ్న హోరేబులో, ఆ తరువాత వచ్చింది. అలసిన శరీరానికీ కుంగిన మనసుకీ ఉన్న సంబంధం మన సృష్టికర్తకు తెలుసు. ఆ సంబంధాన్ని శ్రద్ధగా పరిశీలించే చదువు ఆయనకు విరోధమని మనము ఎందుకనుకోవాలి?

యోబు స్నేహితులను కూడా చూడండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. ఆ పుస్తకమంతటిలో వారు చేసిన మంచిపని అదే. నోరు తెరిచాకే చెడిపోయింది. బాధలో ఉన్నవాడి బాధ వినకముందే కారణం చెప్పేశారు. కౌన్సెలింగ్ చదివే విద్యార్థికి మొదట నేర్పేది ఆ ఏడు రోజుల మౌనమే, అంటే వినడం. కాపరులమైన మనలో చాలామందికి రానిది కూడా అదే.

మిషనరీల చరిత్రలో కూడా ఈ పాఠం ఉంది. విలియం కేరీ 1793లో మన దేశానికి వచ్చాడు. మరుసటి సంవత్సరమే ఐదేళ్ల కుమారుడు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ దుఃఖంలో భార్య డొరొతీ మనసు చెదిరింది, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. కేరీ అనువాదాలను మనము తరచుగా జ్ఞాపకం చేసుకుంటాము. ఆమెను జ్ఞాపకం చేసుకోము. ఆ రోజుల్లో ఆమెకు సహాయం చేయగల విద్య లేదు. ఇప్పుడు ఉంది. ఇ. స్టాన్లీ జోన్స్ 1907లో ఇక్కడికి వచ్చి, తొలి సంవత్సరాలలోనే ఒకటికి రెండుసార్లు మానసికంగా కుప్పకూలాడు. ప్రార్థనలో తాను స్వస్థత పొందానని సాక్ష్యమిచ్చిన ఆ మనిషే, 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాలను స్థాపించాడు. ప్రార్థనను నమ్మాడు, ఆసుపత్రినీ కట్టాడు. రెండింటి మధ్య ఆయనకు గొడవ కనబడలేదు. వెల్లూరు సి.ఎం.సి. మానసిక వైద్య కేంద్రంలో రోగితోపాటు కుటుంబ సభ్యులను కూడా ఉంచి చికిత్స చేస్తారు. మన సంఘాలవారు గుండెకూ కిడ్నీకీ వెల్లూరు వెళతారు, మనసుకు కూడా అక్కడ వైద్యం ఉందని చాలామందికి తెలియదు.

అయితే ఈ చదువులో అన్నీ మన నమ్మకానికి సరిపోతాయని మేము చెప్పడం లేదు. సిగ్మండ్ ఫ్రాయిడ్ మతాన్ని ఒక భ్రమగా లెక్కగట్టాడు. క్లాసులో అది కూడా చదవాలి. దానియేలు కల్దీయుల విద్యను, భాషను క్షుణ్ణంగా నేర్చుకున్నాడు, మోకాళ్లు వంచింది మాత్రం యెరూషలేము వైపుకే. ఫ్రాయిడ్ తరువాత ఆ శాస్త్రం చాలా దూరం వచ్చింది, అతని సిద్ధాంతాలు చాలావాటిని ఆ శాస్త్రజ్ఞులే ప్రశ్నించారు. ఇంట్లో, సంఘంలో ధైర్యంగా ప్రశ్నలడగనిచ్చిన బిడ్డ కాలేజీలో ప్రశ్న ఎదురైతే కూలిపోదు.

ఇంకొక మాట మన యౌవనస్థులకు ఖచ్చితంగా చెప్పాలి. సహాయం కోసం వచ్చినవారి బలహీనతను ఆసరా చేసుకుని మన విశ్వాసాన్ని వారి మీద పెట్టడం ఈ వృత్తి నీతి కాదు. వచ్చినవారు ఏ మతస్థులైనా, వారి నమ్మకాన్ని గౌరవిస్తూ, వారు చెప్పింది గోప్యంగా ఉంచుతూ పనిచేయాలి. సమరయుడు గాయపడినవాడికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు, పూటకూళ్లవాడికి డబ్బిచ్చాడు. నీవు ఏ గుడికి వెళతావని అడగలేదు.

దారి ఎలా ఉంటుంది?

ఇక చదువు సంగతి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా చాలా కాలేజీల్లో బి.ఎ. సైకాలజీలో చేరవచ్చు. బైపీసీలోనే ఉండాలన్న నియమం లేదు. డిగ్రీకి మూడేళ్లు, ఆనర్స్ అయితే నాలుగు. తరువాత రెండేళ్ల ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ. మన రాష్ట్రంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో సైకాలజీ విభాగాలున్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ కేంద్రం ఉంది. మన మూడు పట్టణాల వారికి రైలు దూరంలో బెంగళూరు ఉంది. క్రైస్ట్ యూనివర్సిటీ, మౌంట్ కార్మెల్ వంటి సంస్థల్లో ఈ చదువు ఉంది, ఫీజులు మాత్రం ముందుగా కనుక్కోవాలి.

డిగ్రీలో చేరినవారు చాలామంది బెదిరిపోయేది స్టాటిస్టిక్స్ దగ్గర. మనుషుల గురించి చదువుదామని వస్తే లెక్కలు ఎదురవుతాయి. ఒకరిద్దరిని చూసి అందరూ ఇంతేనని చెప్పకుండా ఉండడానికే ఆ లెక్కలు. ల్యాబులో ప్రయోగాలుంటాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం, అంకెలు విని గుర్తుపెట్టుకుని చెప్పడం వంటివి చేసి, రికార్డు రాయాలి. సినిమాల్లో చూపించినట్టు కళ్లలోకి చూసి మనసు చదివే విద్య ఏదీ ఇందులో లేదు.

ఎం.ఎ. పూర్తి చేయగానే క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఇన్నాళ్లూ అది ఆసుపత్రిలో ఉండి చేసే రెండేళ్ల ఎం.ఫిల్. ఈ శిక్షణకు దేశంలో పెద్ద పేరున్న నిమ్హాన్స్ మన పక్కన బెంగళూరులోనే ఉంది. నూతన విద్యా విధానంతో ఎం.ఫిల్ రద్దవుతుండగా, ఈ శాఖకు మాత్రం యూజీసీ 2025–26 వరకు గడువిచ్చింది. వాటి స్థానంలో కౌన్సిల్ కొత్త కోర్సులు తెస్తోంది. కనుక చేరబోయే సంవత్సరం కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఏ కోర్సుకు, ఏ కాలేజీకి గుర్తింపు ఉందో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

దూరవిద్య గురించి హెచ్చరిక. ఇంట్లో ఉండి ఉత్తరాల ద్వారా ఎం.ఎ. సైకాలజీ చేసినవారు మనలో ఉన్నారు. అయితే 2025 జూలై–ఆగస్టు విడత నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో కొత్త ప్రవేశాలు ఇవ్వకూడదని యూజీసీ ఆదేశించింది. ఈ వృత్తులను 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు గనుక, ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన చదువుగా లెక్కించారు. ఇప్పుడెవరైనా ఇంటి నుంచే సైకాలజీ డిగ్రీ ఇప్పిస్తామంటే ఆగి విచారించండి. ఆరు వారాల్లో కౌన్సెలర్‌ను చేస్తామనే సర్టిఫికెట్ కోర్సులతో కూడా జాగ్రత్త. అవగాహనకు పనికి రావచ్చు, ఒకరి ప్రాణాన్ని చేతిలో పెట్టుకోవడానికి చాలవు.

పని దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ తొందరగా కాదు. ఇంటర్ తరువాత ఏడెనిమిదేళ్లు పడుతుంది. మొదటి కొన్నేళ్లు జీతం చిన్నదే. ఇంజనీరింగ్ చదివిన అన్నతో పోల్చి బిడ్డను నొప్పించే ఇంటికి ఇది తగిన చదువు కాదు.

అవసరం మాత్రం చాలా ఉంది. మానసిక వైద్యం అవసరమైనవారిలో అత్యధికులకు అది అందడం లేదని నిమ్హాన్స్ 2016లో వెలువరించిన జాతీయ సర్వే తేల్చింది. 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని మార్గదర్శకాలిచ్చింది. హిందూపురం, ధర్మవరం జూనియర్ కాలేజీలను, ప్రైవేటు స్కూళ్లను ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ కుర్చీల్లో కూర్చునేవారెవరు?

ఇంకా ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టుతోపాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. ఈ కార్యక్రమానికి నమూనా ఎక్కడిదో తెలుసా? మనకు దగ్గరలోని బళ్లారి జిల్లాది. 1980లలో నిమ్హాన్స్ అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి తర్ఫీదిచ్చి పల్లెల్లో మానసిక వైద్యం సాధ్యమేనని చూపించింది. దాని ఆధారంగా 1996లో ఈ కార్యక్రమం మొదలైంది. ఇవి కాక ఆసుపత్రులు, మందు మాన్పించే కేంద్రాలు, ఎదుగుదలలో వెనకబడిన పిల్లల పాఠశాలలు ఉన్నాయి. పెనుకొండ దగ్గర కియా వచ్చాక కంపెనీలు పెరిగాయి, షిఫ్టుల్లో పనిచేసే కుర్రవాళ్లు పెరిగారు. ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, క్షేమం చూసే విభాగాల్లోనూ ఈ చదువుకు చోటుంది.

మన బిడ్డకు పట్నం బిడ్డకు లేని బలం ఒకటుంది. మనవాళ్లు ‘డిప్రెషన్’ అని చెప్పరు. తల బరువుగా ఉందంటారు, గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, గాలి సోకిందంటారు. కూలి డబ్బు చాలక షావుకారు ముందు నిలబడి వచ్చిన మనిషి “ఏం లేదులే” అంటే అందులో ఎంత ఉందో, బోరు ఎండిన రైతు “నిద్ర పట్టడంలా” అంటే దాని వెనక ఏముందో ఈ నేల మీద పెరిగినవారికి తెలుస్తుంది. హిందూపురం వైపు అయితే తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ కూడా చెవినపడి పెరుగుతారు. ఆ భాషలు మరిచిపోనివ్వకండి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక ఇంగ్లీషు గట్టిగా నేర్చుకోవాలి. కన్నీళ్లు మాత్రం ఇంటిభాషలోనే వస్తాయి.

సంఘం ఏమి చేయాలి?

మొదటిది, ఈ చదువుకు వెళ్లే బిడ్డలను వేదాంత కళాశాలకు పంపినట్టే ప్రార్థించి పంపుదాము. యౌవనస్థుల నిధిలో నుంచి ఒక సంవత్సరం హాస్టలు ఖర్చయినా భరించడం మన మూడు పట్టణాల సంఘాలు కలిస్తే పెద్ద భారం కాదు.

రెండవది, కాపరులమైన మనము మన హద్దు తెలుసుకుందాము. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయినవారిని, చనిపోవాలనిపిస్తోందన్నవారిని, లేని మాటలు వినబడుతున్నాయన్నవారిని వైద్యుని దగ్గరికి పంపుదాము. పంపి వదిలేయకుండా తోడు వెళదాము. వేసుకుంటున్న మందులు ఆపమని ఎన్నడూ చెప్పవద్దు. ఆ అధికారం మనకు లేదు.

మూడవది, ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి ఇంటి రహస్యాన్ని మైకులో చెప్పడం మానుకుందాము. ఒకరి సంగతి అలా బయటపడిన సంఘంలో రెండోవారు నోరు విప్పరు.

నాలుగవది, 14416 నంబరును మందిరం నోటీసు బోర్డు మీద రాయిద్దాము. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరికైనా బతుకు బరువనిపిస్తుంటే, ఈ రోజే ఆ నంబరుకు ఫోన్ చేయండి, మీకు దగ్గరివారికి చెప్పండి. అది విశ్వాసం లేకపోవడం కాదు. ఏలీయా కూడా ఆ చెట్టు కింద కూర్చున్నవాడే.

ఈ చదువుకు సిద్ధపడే బిడ్డలకు ఒక మాట. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. ఒక వృద్ధురాలి దగ్గరో, బడికి వెళ్లలేని బిడ్డ దగ్గరో వారానికి ఒక గంట కూర్చోండి. సలహా ఇవ్వకుండా వినగలరేమో చూసుకోండి. మీ సొంత గాయం మానడానికే ఈ చదువు ఎంచుకుంటున్నట్టయితే సిగ్గుపడకండి, ముందు మీరు సహాయం తీసుకోండి. ఇతరుల బరువు రోజూ మోసేవారికి విశ్రాంతి దినం ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది.

ధర్మవరం తల్లీ, మీ ప్రశ్నలకు మా జవాబు ఇది. అది పిచ్చివాళ్ల చదువు కాదు. పని ఉంది, ఓర్పు కావాలి. విశ్వాసం పోగొట్టేది చదువు కాదు, ప్రశ్నలడిగిన బిడ్డను ఒంటరిగా వదిలేసే సంఘం. మీ పాపను పంపించండి. ఏడెనిమిదేళ్ల తరువాత ఆమె తిరిగి వచ్చే నాటికి, మగ్గం ముందు చెయ్యి ఆడక కూర్చున్న మరొక సహోదరుణ్ణి మేము ఆమె దగ్గరికే తీసుకువస్తాము. ఈసారి నాలుగు నెలలు ఆలస్యం చేయము.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక.

— సంపాదకుడు